రాసే పిల్లలకు సంఘం తోడుండాల



నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఇట్లాంటివాడు ఎం.ఏ., పీహెచ్‌డీ పిల్లల రాత గురించి ఏం మాట్లాడతాడని మీకు అనిపించొచ్చు. సొసైటీ సెక్రటరీగా నేను మినిట్సు పుస్తకం, స్టాకు రిజిస్టరు రాస్తా ఉండాను. ఆడిట్‌కు వచ్చినాయన ప్రతి లెక్కకూ "ఇది ఎక్కడిది, రసీదేది?" అని అడుగుతాడు. థీసిస్ చూసేవాళ్లూ అదే అడుగుతారంట. ఆ ధైర్యంతోనే నిలబడినాను.

మన పిల్లోళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, చాలామంది థీసిస్ ఇంగ్లీషులో రాయాల. బుద్ధి తక్కువై కాదు, ఈ మూడింటి నడుమ చిక్కుకుని ఆగిపోతా ఉండారు. మా సంఘంలో ఒక నేతకారుడి కూతురు పుస్తకాలన్నీ చదివి, లెక్కలన్నీ సేకరించి, రెండేండ్లు ఒక్క అధ్యాయమూ రాయలేకపోయింది. రాసింది చూపించేదానికి ఇంట్లో మనిషి లేడు. పైగా చుట్టాలందరూ "ఇంకా ముగీలేదా?" అనేవాళ్లే. కడాకు ఒక రిటైర్డ్ టీచరమ్మ ఆ పాపను కూర్చోబెట్టుకుని, "నాకు తెలుగులో చెప్పు, ఫోన్‌లో రికార్డు చేసుకో" అనింది. గంటసేపు చెప్పింది. దాన్ని విని వరసగా పెట్టుకుంటే మొదటి అధ్యాయం దారికొచ్చింది. ఆ పాపకు కావాల్సింది డబ్బు కాదు, వినే మనిషి.

తల్లిదండ్రులు కొన్ని రూల్సు తెలుసుకోవాల. యూజీసీ 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువంటే 3 ఏండ్లు, ఎక్కువంటే 6 ఏండ్లు. ఆడపిల్లలకు ఇంకో 2 ఏండ్లు సడలింపు ఉంది, కాన్పుకు 240 దినాల దాకా సెలవు ఉంది. పెండ్లి అయిందని చదువు మానిపించే పని లేదు.

ఇంకొకటి. "డబ్బిస్తే మేమే రాసిస్తాం" అనేవాళ్లు ఉండారు, వాళ్ల జోలికి పోవద్దండి. ఒకరి రాతను ఇంకొకరు దించితే కంప్యూటరే పట్టిస్తుంది. యూజీసీ 2018 నియమాల్లో 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే 6 నెలల లోపల సరిచేసి ఇవ్వాల. 40 దాటి 60 దాకా అయితే ఒక ఏడాది ఇచ్చేదానికి లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పవర్‌లూమ్ గుడ్డకు చేనేత ముద్ర వేస్తే మనకు ఎంత కోపం వస్తుంది? ఇదీ అంతే.

మన పని మీద రాసేదానికి ఏముంది అనుకోవద్దండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం చేసినారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత సంపుటాలు వచ్చినాయి. ఆసు, అచ్చు, నాడె, కండె వంటి మాటలకు అంత పెద్ద పండితుడు ఒక పుస్తకమే కేటాయించినాడు. అయితే అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల మాటల మీద చేసిన పని. హోసూరు, కృష్ణగిరి వైపు మగ్గం దగ్గర మన ముసలోళ్లు పలికే మాటలు ఎవరు రాయాల? మన పిల్లోళ్లే రాయాల. ఆ ముసలోళ్లు ఉండంగానే రాయాల. పక్కనే కుప్పంలో 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉండనే ఉంది. ముందు వాళ్లు రాసిన థీసిస్‌లు శోధగంగలో ఫోన్‌లోనే డబ్బు లేకుండా చదవొచ్చు.

ఇప్పుడు సమాఖ్యకు నా మనవి. నెలకు రెండు ఆదివారాలు సొసైటీ హాలు ఈ పిల్లలకు విడిచిపెడదాం. పొద్దున మూడు గంటలు, ఫోన్లు పక్కన పెట్టి, అందరూ ఒకచోట కూర్చుని రాసుకుంటారు. ముగిసినాక ఒకరు రాసింది ఇంకొకరు చదివి, అర్థం కాని చోట గీత పెడతారు. మన కులంలోని రిటైర్డ్ టీచర్లు, లెక్చరర్లు వంతుల ప్రకారం రావాల. వాళ్లు రాసిపెట్టకూడదు, అడగాల అంతే. సంఘాల పాత రిజిస్టర్లు బూజు పట్టక ముందే, కమిటీ అనుమతితో, పరిశోధన చేసే పిల్లలకు చూపిద్దాం. దీనికి అయ్యే ఖర్చు టీ, కరెంటు అంతే.

ఇంట్లో వాళ్లకు ఒక మాట. పడుగు సిద్ధం చేసే దినాల్లో మగ్గం మీద గుడ్డ కనపడదు. అట్లని నేతకారుడు ఊరికే ఉండాడని మనం అంటామా? చదివి నోట్సు రాసుకునే పిల్లదీ అదే పని. "ఎప్పుడు ముగుస్తుంది?" అని అడగద్దు, "ఈ దినం ఏం రాసినావమ్మా, చెప్పు" అని అడగండి. అర్థం కాకపోయినా వినండి.

పిల్లలారా, దినానికి ఒక పేజీ రాయండి. పోగు తెగితే అతుక్కుంటాం గానీ మగ్గం దిగిపోము కదా. మీ పుస్తకం అచ్చయినాక సొసైటీకి ఒక ప్రతి ఇవ్వండి. స్టాకు రిజిస్టరులో నా చేత్తోనే ఎక్కిస్తాను.

జై చేనేత.