గురకను ఇంటనే పరీక్షించుట

ఒకడు గుఱ్ఱుపెట్టి నిద్రించుచున్నాడనినచో, అతడు నిశ్చింతగా హాయిగా నిద్రించుచున్నాడని మన వాడుకలో అర్థము. ఈ అర్థమును వైద్యశాస్త్రము కొంత సవరించినది. గురక పెట్టువారందరును రోగులు కారు. కాని బిగ్గరగా సాగుచున్న గురక హఠాత్తుగా ఆగి, కొంతసేపు నిశ్శబ్దమై, పిమ్మట ఉక్కిరిబిక్కిరియైనట్లు పెద్ద శబ్దముతో మరల ప్రారంభమగుచున్న యెడల, ఆ నిశ్శబ్దమును విశ్రాంతి యని భ్రమింపరాదు. ఆ సమయమున ఊపిరి ఆడకపోవచ్చును.

నిద్రలో కండరములు సడలును. కొందరికి నాలుక మొదలును, మెత్తని అంగిలియు వెనుకకు జారి కంఠమునందలి గాలిదారిని మూసివేయును. రొమ్ము గాలికై ప్రయత్నించుచునే యుండును. గాలి మాత్రము లోనికి పోదు. రక్తములో ప్రాణవాయువు తగ్గును. అంతట మెదడు ఉలికిపడి, క్షణకాలము మేలుకొలిపి, దారి తెరపించును. నిద్రించువానికి ఇదేమియు తెల్లవారిన పిమ్మట జ్ఞాపకముండదు. దీనినే స్లీప్ ఏప్నియా, అనగా నిద్రలో శ్వాసావరోధము, అందురు. కనీసము 10 సెకనులపాటు గాలి ఆగినవియు, బాగుగా తగ్గినవియు కలిపి గంటకెన్ని యని లెక్కింతురు. 5 మొదలు 15 లోపు స్వల్పము. 15 మొదలు 30 లోపు మధ్యమము. 30, ఆపైన తీవ్రము.

రాత్రి యంతయు ఇట్లు తెగిపోయిన నిద్రకు మూల్యము పగలు చెల్లింపవలసి వచ్చును. లారీ నడుపువాడు చక్రము ముందు తూగును. రక్తపు పోటు మందులకు లొంగకుండును. ఉదయము తలనొప్పి, పగలంతయు మరపు, చిరాకు కలుగును. ఇంటివారు దీనిని సోమరితనమని నిందించుటయు కలదు.

ఈ వ్యాధిని నిద్రలోనే కొలిచి చూపినవారు 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల శాస్త్రజ్ఞులు. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను వైద్యుడు, ముక్కుపై తొడుగుంచి మెల్లని ఒత్తిడితో గాలిని పంపి గాలిదారిని తెరచియుంచు చికిత్సను ప్రకటించెను. చికిత్స లభించినది గాని, పరీక్ష సులభము కాలేదు. రోగి ఒక రాత్రి నిద్రాపరీక్షాశాలలో పండుకొనవలెను. తలకు, కనుల ప్రక్కన, గడ్డమునకు, కాళ్లకు తీగలంటించి, సిబ్బంది తెల్లవార్లు కనిపెట్టియుందురు. ఖర్చు అధికము, పడకలు కొలది, క్రొత్తచోట నిద్రయే పట్టదు.

ఈ చిక్కును తీర్చుటకు వచ్చినవే ఇంటికి తీసికొనిపోదగిన చిన్న పరికరములు. అమెరికాలో మెడికేర్ అను ప్రభుత్వ బీమా పథకము 2008లో ఇంటి పరీక్షను చికిత్సకు ఆధారముగా అంగీకరించినది. ఈ పరికరములలో సాధారణముగా మూడు భాగములుండును. ముక్కు వద్ద నుంచు సన్నని గొట్టము గాలి రాకపోకలను గుర్తించును. రొమ్ముచుట్టు పట్టీ ఊపిరికై జరుగు ప్రయత్నమును తెలుపును. వ్రేలి తొడుగు ఎఱ్ఱని కాంతిని, కంటికి కనబడని పరారుణ కాంతిని పంపి రక్తములోని ప్రాణవాయువును, నాడిని కొలుచును. రొమ్ము కదలుచు గాలి ఆగినచో దారి మూసికొన్నదనియు, రొమ్మే కదలనిచో మెదడునుండి ఆజ్ఞ రాలేదనియు వైద్యుడు గ్రహించును.

కోవిడ్ దినములలో అనేక గృహములకు వ్రేలి పరికరము వచ్చినది. ఉదయము లేచి ఒకమారు దానిలో అంకె చూచుకొనుట ఈ పరీక్ష కాదు. రాత్రి పొడుగునను జరిగినది నమోదు కావలెను.

ఇంటి పరికరమునకు ఒక లోపము కలదు. సాధారణముగా ఇది మెదడు తరంగములను కొలువదు. కావున మనము నిద్రించితిమో, మేలుకొని దొర్లితిమో దానికి తెలియదు. ఉదాహరణకు 96 అవరోధములు కలిగినవనుకొందము. పరికరము 8 గంటలు పనిచేసినది గావున గంటకు 12 అని చూపును. నిజముగా నిద్రించినది 6 గంటలే యైనచో లెక్క 16 కావలెను. స్వల్పమని తోచినది మధ్యమమాయెను! అందుచేత లక్షణములు ప్రబలముగా నుండి ఇంటి పరీక్షలో ఏమియు కనబడకున్నను, నిశ్చింతగా నుండక పరీక్షాశాలకు పోవలెను. తీవ్రమైన గుండెజబ్బు, ఊపిరితిత్తుల వ్యాధి, పక్షవాతము, కండరముల బలహీనత కలవారికిని, నల్లమందు జాతి నొప్పిమందులు నిత్యము వాడువారికిని మొదటినుండియు పరీక్షాశాలయే తగినది.

పరీక్ష రాత్రి మద్యము ముట్టరాదు. వ్రేలి గోరురంగు తుడిచివేయవలెను. నిత్యము పండుకొను వేళకే పండుకొనవలెను. ఫలితమును యంత్రపు అంకెకు వదలక, నిద్రావ్యాధుల నెరిగిన వైద్యునికి చూపవలెను.

అన్నిటికంటె ముందు కావలసిన సాక్ష్యము ప్రక్కన పండుకొనువారిది. గురక ఆగుటను, ఊపిరికై పెనుగులాటను చూచినది వారే. ఆ మాట వైద్యునితో చెప్పుటకు సంకోచింపవలదు. స్త్రీలకును ఈ వ్యాధి కలుగును. ముట్లుడిగిన పిమ్మట అధికమగును. గురక బిగ్గరగా లేక, అలసటయే పైకి కనబడవచ్చును. ఇంటిలో ఎవరి ఊపిరియైనను రాత్రి ఆగుచున్నట్లు గమనించినచో, పరిహాసముతో పోనీయక పరీక్ష చేయింతము.