రేగుకొమ్మకు వేలాడిన కాయ
(మహాసభలో సమాఖ్య తరఫున చేసిన ప్రసంగం)



మొన్న వేసవిలో మాచర్ల వైపు సభ్యురాలు ఒకామె ఊరి బీట్లో పుల్లలకు పోయి, రేగుకొమ్మకు వేలాడే గట్టి కాయను తెంపుకొచ్చి మన ఆఫీసు బల్ల మీద పెట్టింది. చిన్న కోడిగుడ్డంత ఉంది. పైన కొమ్మను చుట్టుకున్న కాడ. "ఇదేం కాయో చూడండి" అంది. అది కాయ కాదు, దసలి పట్టుపురుగు గూడు.

మల్బరీ పురుగును ఇంట్లో తట్టల్లో మేపుతారు. ఇది అట్లా కాదు, చెట్టు మీదే మేస్తుంది. నల్లమద్ది, తెల్లమద్ది ఆకులంటే ఇష్టం, మన రేగాకు కూడా తింటుంది. గుడ్డు 9, 10 రోజులకు పగులుతుంది. పురుగు నెల పైన మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, పచ్చగా వేలికంటే లావై గూడు కట్టుకుంటుంది. చలికాలం ముందు కట్టిన గూడైతే లోపల ఎండలు పోయేదాకా నిద్రే. వానలు పడ్డాక రెక్కలతో బయటికొస్తుంది. రెక్కల మీద కళ్లలాంటి నాలుగు మచ్చలుంటాయి. అప్పుడిక దానికి తిండే లేదు. వారం పది రోజుల్లో జతకట్టి, ఆడది 200 దాకా గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

ఇది విని కొందరు, మనమూ పెంచుదాం, లోను ఇవ్వండి అన్నారు. బాగా ఆలోచించాం. తెలంగాణలో గోదావరి పక్కన చెన్నూరు, మహదేవపూర్ వైపు దసలి పెంచుతారు. వాళ్లకు మద్దిచెట్లున్నాయి, పిట్టలూ చీమలూ తినకుండా పగలంతా కావలి కాసే అలవాటుంది. మనకు నల్లమల వైపు ఉన్నది పులుల అభయారణ్యం, అక్కడ పురుగులు వదిలి కాపలా కూర్చోనివ్వరు. గట్ల మీద రేగుచెట్లకు వదులుదామంటే పక్కనే మిరప, పత్తి. మందు కొట్టిన రోజు గాలి ఇటు తిరిగిందా, పంటంతా పోయినట్టే. కిస్తీ మాత్రం ఆగదు. గూళ్లు కొనేవాళ్లు కూడా మన దగ్గర లేరు.

అందుకే ఈ ఏడు రుణ ప్రణాళికలో దీన్ని పెట్టలేదు. కొందరికి కోపం వచ్చింది, తెలుసు. గట్టున నాలుగు మద్దిమొక్కలు నాటి చూస్తామంటే సంతోషమే, అప్పు చేసి మాత్రం వద్దు.

దారం తీయాలంటే పురుగు బయటికి రాకముందే గూటిని ఉడకబెట్టాలి. ఆ అక్క ఒప్పుకోలేదు. తీసుకెళ్లి ఇంటి ముందు చెట్టుకు కట్టింది. వానలు పడ్డాక చూస్తే పైన చిల్లు! ఖాళీ గూడు ఆఫీసు బీరువాలో ఉంది, చూడాలనుకున్నవాళ్లు అడగండి.