ఇంట్లోనే సినిమాల సర్వర్

ఇంట్లో మీడియా సర్వర్ పెట్టాలంటే ముందు చిన్న యూపీఎస్ కొనండి. డిస్కు రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ళు పాడవుతాయి.

సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే, నెట్ లేకున్నా ఇంటి వైఫై మీదే టీవీకి సినిమా వస్తుంది. సినిమా 5 జీబీ అనుకుంటే, 4 టెరాబైట్ల డిస్కులో దాదాపు 800 పడతాయి. మన కోలారు జిల్లా ఆడపడుచు సౌందర్య సినిమాలన్నీ పెట్టినా ఇంకా బోలెడు చోటు!

రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ 1ని మాత్రం అతిగా నమ్మకండి. ఒక డిస్కు చెడితే అది ఆదుకుంటుంది. మీరే పొరపాటున చెరిపితే రెండింట్లోనూ పోతుంది. పెళ్ళి వీడియోలు, తాతగారి హరికథ క్యాసెట్ల కాపీ వేరే డిస్కులో, వీలైతే చుట్టాలింట్లో ఉంచండి.