అడగడంలోనే ఉంది



అర్జీ విలువ మన ముత్తాతలకు బాగా తెలుసు. 1871లో ఈ మారిషస్‌లోని పాత కూలీల కష్టాలు చెప్పుకుంటూ ఒక అర్జీ గవర్నరుకు వెళ్ళింది. దానికి సాయపడిన ద ప్లెవిట్జ్ మనవాడు కాడు గాని, మన గోడు ఎలా చెబితే దొరల చెవికెక్కుతుందో ఎరిగినవాడు. చాగోస్ విషయంలో మన దేశపు వకీళ్ళు చేసినదీ అటువంటి పనే.

1965లో బ్రిటిషువారు చాగోస్ దీవులను మారిషస్ నుండి విడదీశారు. 1968లో మనకు స్వాతంత్ర్యం వచ్చింది, ఆ దీవులు రాలేదు. 1973 నాటికి అక్కడి జనాన్నంతా ఖాళీ చేయించారు.

హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేద్దామంటే బ్రిటన్ ఒప్పుకోవాలి. పోనీ, సలహా అడుగుదామంటే దేశాలకు ఆ హక్కు లేదు. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ వంటివే అడగాలి. సరే, సభ చేత ఏమని అడిగించాలి?

వకీళ్ళ నేర్పంతా ఇక్కడే ఉంది. ‘దీవులెవరివి?’ అని అడిగితే, ఇది ఇద్దరి తగాదా, మాకెందుకని కోర్టు తప్పుకునే వీలుండేది. బ్రిటన్ వాదించినదీ అదే. అందుచేత ‘ఎవరివి’ అన్న మాటే రానివ్వలేదు. చాగోస్‌ను విడదీశాక, 1968లో మారిషస్ వలసపాలన చట్టప్రకారం పూర్తిగా ముగిసిందా అని మొదటి ప్రశ్న. వలసలను విడిపించడం సభ సొంత బాధ్యత. 1960, 1965 నాటి దాని తీర్మానాల సంఖ్యలనే ప్రశ్నలో పెట్టారు.

బ్రిటన్ పాలన సాగుతున్నందువల్ల చట్టరీత్యా ఏమేమి పర్యవసానాలని రెండవది. చాగోస్ వారిని తిరిగి అక్కడ నిలపలేకపోవడాన్ని కూడా అందులో చేర్చారు. మాకు నచ్చినది ఈ ముక్కే. దీనివల్ల కాగితంలోకి మనుషులొచ్చారు.

2017 జూన్ 22న తీర్మానానికి 94 దేశాలు ఔనన్నాయి, 15 కాదన్నాయి, 65 ఎటూ చెప్పలేదు.

2018 సెప్టెంబరులో విచారణ జరిగింది. అనిరుద్ జగన్నాథ్ గారు, ఫిలిప్ శాండ్స్ మొదలైనవారు వాదించారు. అందరికంటే ఎక్కువ చెప్పినది లిస్బీ ఎలిజే గారే. ఆమె మాటలను తెరమీద వినిపించారు. కడుపుతో ఉండగా ఓడ ఎక్కించారు, బిడ్డ దక్కలేదు. ఇవన్నీ ఆమె క్రియోల్‌లోనే చెప్పింది. మన ఇళ్ళలో పిల్లలను కేకలేసే భాష ఆ కోర్టులో మోగింది!

2019 ఫిబ్రవరి 25న జవాబు వచ్చింది. వలసపాలన చట్టప్రకారం ముగియలేదు, బ్రిటన్ వీలైనంత త్వరగా తప్పుకోవాలని. తీర్పు కాదు, సలహాయే. తిరిగి స్థిరపడే సంగతి మాత్రం సభే చూడాలన్నారు. 2025 మే 22న రెండు దేశాలు ఒడంబడికపై సంతకాలు చేశాయి.

ఓడ ఎక్కిననాడు ఎలిజే గారికి ఇరవై ఏళ్ళు. విచారణనాటికి 65.