చిన్న సంస్థలకు క్లౌడ్ ఆఫీసు

దాతల జాబితా, జీతాల లెక్కలు, రసీదులు అన్నీ ఒకే పాత కంప్యూటర్‌లో! చాలా చిన్న స్వచ్ఛంద సంస్థల పరిస్థితి ఇదే. హార్డ్ డిస్క్ పోతే అంతా పోయినట్టే. ఫైళ్లను క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో దాచుకుంటే ఈ ముప్పు తగ్గుతుంది.

అమెరికాలో 1987లో మొదలైన టెక్‌సూప్ అనే సంస్థ, స్వచ్ఛంద సంస్థల అర్హత పరిశీలించి సాఫ్ట్‌వేర్ రాయితీలు ఇప్పిస్తోంది. అర్హత ఉన్న సంస్థలకు గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఒక ప్లాన్ ఉచితం. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ బేసిక్ కూడా 300 మంది దాకా ఉచితమే. ఇది తెలియక డబ్బు కట్టే ట్రస్టులు ఉండటం బాధాకరం.

అసలు పని ప్లాన్ తీసుకున్న తర్వాతే. సంస్థ పేరుతో డొమైన్, దాని మీద మెయిళ్లు కావాలి. ఎందుకంటే, అకౌంటెంట్ సొంత మెయిల్‌లో ఉన్న దాతల వివరాలు ఆయన మానేసిన రోజున ఆయనతోనే వెళ్లిపోతాయి. పాత ఫైళ్లకు కాపీ తీసి ఉంచుకుని, ముందు ఒక్క విభాగాన్ని క్లౌడ్‌కు మార్చి చూడాలి. అడ్మిన్ హక్కులు ఇద్దరికి ఇచ్చి, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్‌ కూడా తప్పనిసరి చేయాలి.