అటక మీది కాలు

మనం రోజూ వాడే వస్తువులను ఎవరు, ఎవరి కోసం, ఏం అనుకుని తయారు చేశారు అని ఈ ఎపిసోడ్‌లలో మాట్లాడుకుంటున్నాం కదా. ఇవాళ ఒక పెట్టుడు కాలు గురించి చెప్తాను.

మా పెదనాన్నకి ఎడమ కాలు మోకాలి కింద నుంచి ఉండేది కాదు. వరి నూర్పిడి మిషన్‌లో పడి పోయింది. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చంక కర్రతో తిరుగుతుండేవారు. అయితే మా ఇంట్లో అటక మీద, పాత ఇత్తడి బిందెల పక్కన, గోనెసంచిలో చుట్టిపెట్టిన ఒక కాలు ఉండేది. దానికి నల్ల బూటు కూడా తొడిగి ఉండేది. గేదెను అమ్మి, పట్నం తీసుకెళ్ళి చేయించిన కాలు అది. "అంత డబ్బు పోసి చేయిస్తే అలవాటు చేసుకోలేదు, మొండి మనిషి" అనేవారు ఇంట్లో అందరూ.

నాకు పదేళ్ళప్పుడు, నేనూ పెద్దవాడిలా ఆయనకి చెప్పాను. "రోజూ కొంచెంసేపు పెట్టుకో పెదనాన్నా, అదే అలవాటవుతుంది" అని. ఆయన నవ్వి, "ఆ కాలికి కుర్చీ కావాల్రా. మనింట్లో కుర్చీ ఏది?" అన్నారు. అది నాకు వేళాకోళంలా అనిపించింది. అందులో ఎంత అర్థం ఉందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ రోజుల్లో ఎక్కువగా పెట్టే పాదాన్ని సాచ్ ఫుట్ అంటారు. 1950లలో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారైంది. మంచి పాదమే, తప్పు పట్టడానికి లేదు. మడమ దగ్గర మెత్తగా ఉంటుంది, చీలమండ దగ్గర మాత్రం వంగదు. బూటు వేసుకుని, చదునైన నేల మీద నడిచి, కుర్చీలో కూర్చునే మనిషికి అది సరిపోతుంది. బూటు లేకుండా వాడితే త్వరగా పాడైపోతుంది.

ఇప్పుడు మా పెదనాన్న రోజు ఎలా గడిచేదో చూడండి. తెల్లారి కాలకృత్యాలకి గొంతుక్కూర్చోవాలి. గొంతుక్కూర్చోవాలంటే చీలమండ వంగాలి, లేకపోతే మనిషి వెనక్కి పడిపోతాడు. అన్నం తినాలంటే నేల మీద బాసింపట్టు వేసుకోవాలి. ఇంట్లోకీ, గుడిలోకీ చెప్పులు విప్పి వెళ్ళాలి. తర్వాత పొలం గట్టు, దమ్ము చేసిన చేను. బూటుతో బురదలో ఎలా దిగుతారండీ? అంటే ఆయన మొండితనం కాదు. ఆ కాలు వేరే జీవితం కోసం తయారైంది, అంతే.

ఈ సంగతి జైపూర్‌లో ఇద్దరు గమనించారు. ఒకరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల డాక్టరు, ప్రమోద్ కరణ్ సేఠీ. రెండోవారు రామచంద్ర శర్మ, పెద్దగా బడి చదువు లేని హస్తకళాకారుడు. అందరూ మాస్టర్‌జీ అని పిలిచేవారు. కాళ్ళు పెట్టించుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ చంక కర్రలతోనే కనిపిస్తుంటే, లోపం రోగిలో ఉందా, కాలిలో ఉందా అని వీళ్ళు ఆలోచించారు. సైకిల్ టైరు బాగు చేయించడానికి వెళ్ళిన మాస్టర్‌జీకి అక్కడ రబ్బరు పని చూసి దారి దొరికిందని చెబుతారు.

1968 ప్రాంతంలో జైపూర్ పాదం తయారైంది. లోపల మడమకీ వేళ్ళ భాగానికీ స్పాంజి రబ్బరు, చీలమండ దగ్గర చిన్న చెక్క దిమ్మ, చుట్టూ టైర్లలో వాడే దారం, పైన చర్మం రంగు రబ్బరు. అచ్చులో పెట్టి ఉడికిస్తారు. అన్నివైపులా వంగుతుంది, నీళ్ళలో తడిసినా పర్వాలేదు, వేళ్ళు కూడా ఉంటాయి కాబట్టి ఉత్త కాళ్ళతో నడవచ్చు. పేటెంటు తీసుకోలేదు.

మన తెలుగువాళ్ళు ఈ పాదాన్ని పేరు తెలియకుండానే చూశారు. 1985లో వచ్చిన 'మయూరి' గుర్తుందా? ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. ఆ నాట్యం వెనక ఉన్నది జైపూర్ పాదమే. ఆమె పట్టుదలని మనం మెచ్చుకున్నాం, మెచ్చుకోవాలి కూడా. కానీ ఆమె పట్టుదలకి వంగే పాదం దొరికింది. మా పెదనాన్న పట్టుదలకి వంగని పాదం దొరికింది. ఒకరిని ధీరురాలు అన్నాం, ఇంకొకరిని మొండి మనిషి అన్నాం.

ఇంకో మాట. 1981లో డాక్టర్ సేఠీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన దానికి అర్హులే. మాస్టర్‌జీ పేరు మాత్రం చాలామందికి తెలియదు. వాడి చూసి, "ఇక్కడ నొక్కుతోంది, అక్కడ పట్టేస్తోంది" అని చెప్పిన రోగుల పేర్లయితే ఎక్కడా లేవు. నా లెక్కలో వాళ్ళు కూడా ఆ పాదాన్ని రూపొందించినవాళ్ళే.

జైపూర్ పాదంతో అన్నీ తీరిపోయాయని నేను అనను. చేత్తో చేసే పని కాబట్టి అన్నీ ఒకేలా కుదరవు. తొడ దగ్గర కాలు పోయినవాళ్ళకి మోకాలు అనేది మరో పెద్ద సమస్య. పైగా కాలు ఎంత బాగా చేసినా, మెట్లు మెట్లుగానే ఉంటాయి.

పెదనాన్నకి చివరికి ఒక శిబిరంలో జైపూర్ పాదం పెట్టారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. మొదటి రోజు ఆయన చేసిన పని ఏంటో తెలుసా? పంక్తిలో అందరితోపాటు నేల మీద కూర్చుని అన్నం తిన్నారు. అన్నేళ్ళూ ఆయనకి విడిగా, అరుగు మీద వడ్డించేవాళ్ళం. అది ఆయనకి ఎలా ఉండేదో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

అందుకే మీకొక మాట చెప్తాను. మీ ఇంట్లో కూడా బీరువాలో పడి ఉన్న వినికిడి మిషనో, బాత్రూం తలుపులో పట్టని చక్రాల కుర్చీయో ఉండొచ్చు. "ఎందుకు వాడవు?" అని గద్దించకండి. "ఎక్కడ ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి. జవాబు వేళాకోళంలా వినిపించినా సరే, పూర్తిగా వినండి.