పంచుకుంటేనే సేకరణ
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దానధర్మాల గురించి చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను. యాభై ఏళ్లుగా తపాలా స్టాంపులు పోగుచేస్తున్న మనిషిని. అందుచేత నాకు తెలిసిన ఆ చిన్న లోకంలో ఇవ్వడం అంటే ఏమిటో నాలుగు మాటలు మనవి చేస్తాను.

స్టాంపులు, నాణేలు దాచేవాళ్లు పిసినారులని లోకం అనుకుంటుంది. కాని ఈ సరదా ఎవరికైనా మొదలయ్యేది ఇంకొకరి చేతి చలవతోనే. గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరం కవరు మూల కత్తిరించి ఇచ్చిన ఖాలా ఒకరు, ఆఫీసు చెత్తబుట్టలోంచి స్టాంపులు ఏరి తెచ్చిన మామూ ఒకరు ప్రతివాడికీ ఉంటారు.

మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టరు ఒక చాచా ఉండేవారు. నాకు పన్నెండేళ్లప్పుడు, నిజాం ప్రభుత్వం 1931లో వేసిన చార్మినార్ బొమ్మ గల అణా స్టాంపులు రెండు నా చేతిలో పెట్టారు. "బదులు నేనేమివ్వాలి చాచా?" అన్నాను. "నాకొద్దు బేటా. నీ దగ్గరికొచ్చే పిల్లవాడికి ఒకటి ఇవ్వు" అన్నారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. తరువాత చాలా ఏళ్లకు ఒక పిల్లవాడు వచ్చి, "మామూ, చార్మినార్ స్టాంపు మీ దగ్గర రెండున్నాయట, ఒకటి ఇస్తారా?" అని అడిగాడు. నేను "బదులు ఏం తెచ్చావు?" అన్నాను. వాడి గుప్పిట్లో మూడు మామూలు స్టాంపులున్నాయి. నేను ఆల్బం మూసేశాను. వాడు మళ్లీ మా గడప తొక్కలేదు. చాచా బాకీ నామీద అలాగే ఉండిపోయింది.

ఇంకో పరీక్ష ఉంది. పోయిన మిత్రుడి ఆల్బం పట్టుకొని ఆయన భార్య వస్తుంది. దాని విలువ మనకు తెలుసు, ఆవిడకు తెలియదు. ఐదు వందలిచ్చినా పుచ్చుకొని వెళ్లిపోతుంది. అక్కడ జేబులోంచి తీసి ఇవ్వనక్కరలేదు. "భాభీ, ఇందులో ఈ మూడు విలువైనవి. మరో ఇద్దరికి చూపించి, ఎక్కువ ఇచ్చేవారికే అమ్మండి" అంటే చాలు. నిజం చెప్పడమే అక్కడ పెద్ద దానం.

పెద్ద సేకర్తల సంగతీ వినండి. ఇంగ్లండులో థామస్ టాప్లింగ్ తన స్టాంపులన్నీ బ్రిటిష్ మ్యూజియానికి చెందాలని రాసిపెట్టి 1891లో పోయాడు. అవి ఈనాటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అమెరికాలో బిల్ గ్రాస్ అనే ఆయన తన బ్రిటిష్ స్టాంపులను 2007లో వేలం వేయించి, వచ్చిన 91 లక్షల డాలర్లూ 'డాక్టర్స్ వితౌట్ బార్డర్స్' అనే వైద్య సేవా సంస్థకు ఇచ్చేశాడు. ఎన్నో ఏళ్లు పోగుచేసిన కాగితం ముక్కలు రోగులకు మందులయ్యాయి.

అంత స్తోమత మనకు లేదు, నిజమే. కాని ప్రతి ఆల్బంలో డూప్లికేట్లు ఉన్నాయి కదా! ఒకే రకానివి నాలుగుంటే మూడు ఎవరికోసం? నాణేలు దాచే భాయీలకు మరో మాట. సరదాకి దాచినా వెండి వెండే, బంగారం బంగారమే. జకాత్ లెక్క చూసేటప్పుడు ఆ పెట్టె కూడా తెరిచి, పెద్దలను అడిగి లెక్క కట్టండి.

చివరగా ఒక సూచన. వచ్చే సమావేశంలో ఇక్కడ ఒక బల్ల వేద్దాం. ఎవరి డూప్లికేట్లు వాళ్లు తెచ్చి పెట్టండి. బడి పిల్లలకు మొదట ఉచితంగా ఏరుకోనిద్దాం. మిగిలినవి వేలం వేసి, ఆ డబ్బు మన పిల్లల స్కాలర్‌షిప్పులకు జమ చేద్దాం. ఎవరు ఏమిచ్చారో అరిచి చెప్పొద్దు. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు మాత్రం పుస్తకంలో పైసాతో సహా రాసి ఉంచుదాం.

ఆ బల్ల మీద మొట్టమొదట పడేది నా రెండో చార్మినార్ స్టాంపు. ఆ పిల్లవాడు ఈపాటికి పెద్దవాడై ఉంటాడు. వాడికి ఇవ్వలేకపోయింది మరో పిల్లవాడికైనా చేరాలి.